పదకొండు సిట్టింగుల గోల్డ్ ప్యాకేజీ

మార్చి 5, విభూది బుధవారం

పొద్దుగాల పూజకు నేను, మా ఇంటామె రూతు ఇద్దరం పోయినం. ఫాదర్ నొసట విభూది పెట్టేటప్పుడు మనసులనే మొక్కుకున్న. ఈ తపస్కాలం నలభై దినాలు తంబాకు ముట్ట. బయటికి చెప్పే మొక్కు కాదు ఇది. రూతు లెక్కల నేను తంబాకు మానేసి ఐదేండ్లయితాంది.

పదకొండున్నరకు ఆఫీసు ఎనుక సైకిల్ స్టాండుల ఒక్క చిటికెడు పెట్టిన. మొక్కుకునేసరికే ఇయ్యాల కొంత దినం గడిచిపోయింది కదా. సగం దినం లెక్కల పట్టదు. రేపటి నుంచి మొదలు.

మార్చి 7, శుక్రవారం

పన్ను నింపించుకుందామని పోయిన. డాక్టర్ పేరు చైతన్య, చిన్న పిల్ల, చదువు అయిపోయి రెండేండ్లు గూడ కాలేదేమో. లైటు పెట్టి, నా కింది పెదవి తిప్పి, చానాసేపు చూసింది. తర్వాత గ్లౌజులు తీసేసి స్టూలు మీద కూసున్నది. డాక్టర్లు కూసుంటే నాకు భయం.

"ఎన్నేండ్ల నుంచి పెడుతున్నరు అంకుల్?"

ఎప్పుడో చిన్నప్పుడు అని చెప్పిన. పెదవి లోపట అప్పటికే చిన్న తంబాకు తునక అంటుకొని ఉన్నదట. అది తీసి దూదిల పెట్టింది.

తెల్ల మచ్చ ఉన్నదట. రుద్దితే పోతలేదట. ముక్క తీసి పరీక్షకు పంపాలె, ఆలస్యం చెయ్యొద్దు అని పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చింది. చానా మచ్చలు ఏం కావు అంకుల్, పరీక్ష చేస్తే తెలుస్తది అని గూడ అన్నది. ఆ మొదటి సగం నాకు మంచిగ నచ్చింది. చానా మచ్చలు ఏం కావు.

చీటీ ఈ డైరీలనే పెట్టిన. డైరీ ఆఫీసు సొరుగుల ఉంటది.

డేవిడ్‌కు గూడ మొదాలు తెల్ల మచ్చనే. రూతు తమ్ముడు. దవడ తీసిండ్రు, నాలుక సగం తీసిండ్రు, అయినా ముప్పై ఎనిమిదేండ్లకే పోయిండు. సమాధిల మట్టి ఏసినంక రూతు నా చెయ్యి పట్టుకొని ఒక్కటే అడిగింది. మానేస్త అని మాటిచ్చిన.

డేవిడ్ ఎక్కడ నేర్చుకున్నడో ఏమో. ఆ కాలం పోరగాండ్లు అందరు గట్లనే ఉండిరి.

మార్చి 8, శనివారం

మా ఆఫీసుల నా పక్క సీటు సుదర్శన్‌ది. మచ్చ సంగతి చెప్పలే. తంబాకు మానుడు కష్టమైతాందని మాత్రం అన్న. ఆయన బామ్మర్దికి బల్లులంటే వణుకు ఉండేనట. గోడ మీద బల్లి కనవడితే ఆ అర్రల పండుకునేటోడు కాదట. హనుమకొండల శశాంక్ అని ఒకాయన హిప్నోథెరపీ చేసి పోగొట్టిండట. మనిషిని నిద్రపుచ్చి లోపటి మనసుతోని మాట్లాడుతడట. లోపటి మనసు మానేస్తే పై మనసుకు తెల్వకుంటనే మానేసినట్టయితదట.

నాకు కావాల్సింది గిదే. నాకు తెల్వకుంట నేను మానేసుడు.

మార్చి 10, సోమవారం

పోయిన. కింద మొబైల్ షాపు, పైన ఇంగ్లీషు కోచింగు, దాని పైన శశాంక్ సర్. లోపట ఏసీ, నీలం లైటు, స్పీకర్ల నుంచి వాగు పారుతున్న సప్పుడు. ఆ సప్పుడుకు నేను రెండుసార్లు బాత్రూంకు పోవాల్సి వచ్చింది.

గోడకు పదకొండు సర్టిఫికెట్లు, అన్నీ బంగారు రంగు ఫ్రేములల్ల. సర్టిఫికెట్లు చూసుడే నా నౌకరి. మా విద్యాసంస్థలల్ల కొత్తగ చేరే ప్రతి లెక్చరర్ పట్టా నా టేబుల్ మీదికెల్లి పోవాలె. ఇరవై నాలుగేండ్లల్ల రెండు వందలకు పైన దొంగ పట్టాలు పట్టిన. అయినా ఆఫీసు అయిపోయినంక గూడ ఆఫీసు పని చేస్తే ఆరోగ్యం కరాబైతది. చూడలే. ఒకదాని ముద్రల 'రిజిస్ట్రార్' అన్న ఇంగ్లీషు మాటల ఒక అక్షరం తక్కువ ఉన్నట్టు కంటికి తాకింది. అచ్చు తప్పు. ఎవలకైనా అయితయి.

రిసెప్షన్‌ల స్వప్న అనే అమ్మాయి ధరల కార్డు ఇచ్చింది, హోటల్ల మెనూ లెక్క లామినేషన్ చేయించిండ్రు. విడి సిట్టింగు మూడున్నర వేలు. సిల్వర్ ఐదు సిట్టింగులు, పదిహేను వేలు. గోల్డ్ పదకొండు, ముప్పై మూడు వేలు, ఉగాది ఆఫర్ల ఒక్క రూపాయి తక్కువ ముప్పై వేలు, దాంట్ల ఒక గత జన్మ ఫ్రీ. డైమండ్ ఇరవై ఒకటి. దాంట్ల గత జన్మలు మూడు.

శశాంక్ సర్‌కు ముప్పై ఐదేండ్లుంటయి. తెల్ల కుర్తా. ఏం గొంతు ఆయనది! ఆ గొంతుతోని కరెంటు బిల్లు చదివినా ఇనబుద్దయితది. జర తక్కువ చెయ్యరాదా అని అడిగిన.

"తక్కువకు చేస్తే లోపటి మనసు నమ్మది సర్."

నాకు నిజమే అనిపించింది. గోల్డ్ తీసుకున్న. నాలుగు పేజీల ఫారం ఇస్తే సంతకం పెట్టిన. చదువలే. ఇంకొకల సంతకమైతే చదువుదును. పైసల కోసం బ్యాంకుల ఉన్న డిపాజిట్ ఒకటి ఇరగ్గొట్టిన. రూతుకు చెప్పలే. మంచి పనికే కదా.

మార్చి 12, బుధవారం

మొదటి సిట్టింగు. పది నుంచి ఒకటి దాక ఎనుకకు లెక్కపెట్టిండు. ఏడు దాక నాకు యాదికుంది. గురక వచ్చిందని స్వప్న చెప్పింది. గురక వచ్చిందంటే లోపటి మనసు తలుపు తీసినట్టేనట.

రోజుకు ఎనిమిదిసార్లు పెట్టేది. ఇయ్యాల ఏడు. పని చేస్తాంది.

మార్చి 13

తొమ్మిది.

మార్చి 15, శనివారం

ఇయ్యాల ఫ్రీ గత జన్మ వాడేసుకున్న. మొదాలు నాకు మనసొప్పలే. మాకు ఒక్కటే జన్మ, దాని లెక్క దేవునికి చెప్పుకునేసరికే సరిపోతది. శశాంక్ సర్ ఏం ఫికర్ చెయ్యొద్దన్నడు. క్రిస్టియన్లకు చేసేటప్పుడు దాన్ని గత జన్మ అనరట, లోతు జ్ఞాపకం అంటరట. అయితే పర్వాలేదనుకున్న.

నేను కాకతీయుల సైన్యంల సిపాయిని. ఖిలా వరంగల్ కోట దర్వాజ దగ్గర కావలి. శత్రువు మనిషి ఒకడు దోస్తు లెక్క వచ్చి ఆకు చుట్టి ఇచ్చిండు. దాంట్ల విషం. నోరు కాలి సచ్చిపోయిన. అప్పటి నుంచి నా నోరు ఆ ఆకును ఎతుక్కుంటాంది. సర్ చెప్పుకుంట పోతాంటే నాకు కోట కనవడ్డది. అయితే ఆ కోటల టికెట్ కౌంటరు గూడ కనవడ్డది. అది ఎందుకో అడగలే.

ఆకు చేతికిచ్చే కాడికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. గట్టిగనే ఏడ్చిన. ఎందుకొచ్చిందో తెల్వదు. మంచి గుర్తు అన్నడు సర్.

మొత్తానికి తేలిందేందంటే, తప్పు నాది కాదు.

మార్చి 17, సోమవారం

భోజనాల కాడ సుదర్శన్‌కు చెప్పిన. ఆయన మొఖం చిన్నగైంది. ఆయన గూడ కాకతీయుల సైన్యమేనట, ఏనుగుల దళానికి పెద్ద. బల్లుల బామ్మర్ది గుర్రాల దళం. సిపాయికి, ఏనుగుల దళం పెద్దకు నడుమ ఎంత తేడా ఉంటదో ఆయన లెక్కగట్టి చెప్పుతాంటే నాకు జర కోపమొచ్చింది. ఈ జన్మల ఇద్దరం సూపరింటెండెంట్లమే.

మా అటెండర్ రాయమల్లు చాయ్ పోసుకుంట అంతా విన్నడు. వచ్చే ఏడు రిటైరయితడు, ఎవలకూ భయపడడు.

"అందరు సైన్యంలనే ఉంటే వంట ఎవలు చేసిండ్రు సార్?" అని అడిగిండు.

మేమిద్దరం చాయ్ తాగినం.

మార్చి 18

ఆరు.

మార్చి 19

పదకొండు. ఆడిట్ ఉండె.

మార్చి 22, శనివారం

చారు తగిలితే పెదవి లోపట మంట. రూతు కారం ఎక్కువ ఏస్తాంది.

సాయంత్రం సిట్టింగుల ధైర్యం చేసి శశాంక్ సర్‌కు మచ్చ చూపెట్టిన. దూరం నుంచే చూసిండు. పరీక్ష రాసిచ్చిండ్రు, ఏం చెయ్యాలె అని అడిగిన. కత్తి పెడితే కణాలకు కోపమొస్తదట. మచ్చ అంటే నోరు దాచుకున్న బాధ అట. సెల్ మెమరీ అని వేరే ఏడు సిట్టింగులు చేస్తే దానంతట అదే కరిగిపోతదట. పన్నెండు వేలు. నేను సిపాయిని కాబట్టి పదికే చేస్తనన్నడు.

దవాఖానకు పోయే పని లేదని మెట్లు దిగుకుంట ఎంత సంతోషపడ్డనో. మిర్చి బజ్జి తిన్న. మంట పుట్టింది గానీ సంతోషంల తెల్వలే.

మార్చి 26, బుధవారం

రూతుది సర్కారు బడి, ములుగు రోడ్డు మీద. ఏడు గంటల బస్సుకు పోతది, వచ్చేసరికి ఐదు. ఇయ్యాల వచ్చి చెప్పులు ఇడుసుకుంటనే అడిగింది, పన్ను ఇంకా నొస్తాందా అని. ఈ మధ్య మీరు నవ్వుతలేరు, పెదవులు మూసుకొనే మాట్లాడుతున్నరు అన్నది. పన్నే అని చెప్పిన.

రాత్రి కూరల కారం తక్కువుంది. నేను అడగలే. ఆమెనే తగ్గించింది.

ఎనిమిది.

మార్చి 29, శనివారం

ఏడున్నరకు సిట్టింగు. కండ్లు మూసుకోమన్నడు. "మీరు ఇప్పుడు చానా లోతుకు పోతున్నరు" అంటాంది గొంతు. నాకు నిద్ర రాలే. కుర్చీ చర్మం ఈపుకు అంటుకుంటాంది, జర సదురుకుందామని కండ్లు తెరిచిన. గొంతు స్పీకర్‌ల నుంచి వస్తాంది. సర్ మూలకు కుర్చీల కాళ్లు జాపుకొని, చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, ఫోన్‌ల క్రికెట్ చూస్తాండు. ఎవడో అవుటయ్యిండు కావొచ్చు, సప్పుడు చెయ్యకుంట పిడికిలి పైకెత్తిండు.

నేను కండ్లు మళ్ల మూసుకున్న.

ఎందుకు మూసుకున్ననో ఇంటికొచ్చినంక గూడ సమజైతలేదు. పైసలు కట్టిన కదా, నడుమ లేస్తే బాగుండదనుకున్ననేమో. సిట్టింగు అయినంక ఆయన ఎట్లుంది సర్ అంటే, చానా లోతుకు పోయిన అని చెప్పిన.

ఏప్రిల్ 1, మంగళవారం

అరగంట ముందే పోయిన. సర్ రాలే. ఫ్రేముల దగ్గర నిలవడి, కండ్లద్దాలు పెట్టుకొని, మా ఆఫీసుల చూసినట్టు చూసిన. పదకొండిట్ల తొమ్మిది ఒక్క సంస్థవే, ఇంటర్నేషనల్ కౌన్సిల్ అని ఏదో. రెండు మూడు రోజుల క్లాసులకు హాజరైనట్టు రాసుంది. రిజిస్ట్రార్ సంతకం కింద గీత కుడి పక్కకు లేస్తది. నా గోల్డ్ ప్యాకేజీ బిల్లు మీద శశాంక్ సర్ సంతకానికి గూడ అదే గీత. ఇరవై నాలుగేండ్ల నుంచి చేస్తున్న పని ఇది. చేతిరాత అబద్ధమాడది.

అడుగున ఫోన్ నంబరుంది. పట్టా ఇచ్చినోళ్లకు ఫోన్ చేసుడు నాకు అలవాటు. చేసిన.

స్వప్న టేబుల్ మీద రెండో ఫోన్ మోగింది.

ఎత్తి, "నమస్తే, ఇంటర్నేషనల్ కౌన్సిల్" అన్నది. నాకూ ఆమెకూ నడుమ నాలుగు అడుగులు. ఒకరి మొఖం ఒకరం చూసుకుంటనే ఉన్నం. ఏం చెయ్యాలెనో తోచక, శశాంక్ గారి పట్టా అసలుదేనా తెలుసుకుందామని చేసినమ్మా అని ఫోన్‌లనే అన్న. అసలుదే సార్ అని ఆమె గూడ ఫోన్‌లనే చెప్పింది. ఇద్దరం పెట్టేసినం.

జరసేపటికి గ్లాసుల నీళ్లు తెచ్చిచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ మచ్చ మాత్రం దవాఖానల చూపెట్టుకోండి సార్. మా సార్‌కు పన్ను నొస్తే డాక్టర్ దగ్గరికే పోతడు."

శశాంక్ సర్ వచ్చినంక పైసలు వాపస్ అడిగిన. కోప్పడలే. అదే గొంతు. "మీరు అడ్డం పడుతున్నరు సర్. కావలి మనిషి కదా, దర్వాజ తీస్తలేరు" అన్నడు. ఆయన ఆ మాట నమ్మే అంటాండని నాకు అనిపించింది. అది ఇంకా భయం. ఫారం మూడో పేజీ చూపెట్టిండు. కట్టిన పైసలు ఏ కారణానికీ వాపస్ ఇయ్యరు. కింద సంతకం నాదే. బాగా పరిశీలించిన. అసలుదే.

ఏప్రిల్ 2, బుధవారం

నన్ను అక్కడికి ఎందుకు తోలినవని సుదర్శన్‌ను అడిగిన. ఒక మనిషిని పంపితే ఒక సిట్టింగు ఫ్రీ అట. నా వల్ల ఆయనకు ఇంకో గత జన్మ వచ్చింది. దాంట్ల వ్యాపారి అట. తలకాయ వంచుకొని, "బల్లుల భయం మాత్రం నిజంగనే పోయిందన్నా" అన్నడు. పోయి ఉండొచ్చు. నేను కాదనలే.

ఏప్రిల్ 3, గురువారం

చైతన్య డాక్టర్ ఇచ్చిన చీటీ తీసుకొని పెద్ద దవాఖానకు పోయిన. లైన్ల రెండు గంటలు. ముక్క తీసుడు ఎనిమిదో తారీకు అన్నరు. తంబాకు మాన్పించే గది ఉంది, అక్కడికి గూడ పొమ్మని పంపిండ్రు.

ఏసీ లేదు. ఫ్యాను తిరుగుతాంది, గాలి మాత్రం బయటినుంచే వస్తాంది. తలుపు మీద సుకన్య, క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు, కింద చదువు, దాని కింద ఆర్‌సీఐ అనే ఢిల్లీ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. లైన్ల నిలవడే ఆ నంబరు ఫోన్‌ల ఎతికిన. ఆమె పేరు దొరికింది. ఆ ఆఫీసుకు గూడ ఫోన్ కొట్టిన. ఎవలూ ఎత్తలే. అంటే సర్కారుదే, అనుమానం లేదు.

ఓపీ చీటీ తప్ప ఖర్చేం లేదు. ఇంత తక్కువకు లోపటి మనసు నమ్ముతదా అనిపించింది.

మేడంకు నా ఈడే ఉంటది. కూసోగానే నాకు హిప్నాసిస్ చెయ్యండి అన్న. నేర్చుకున్ననని, అవసరమున్న కాడ చేస్తనని చెప్పింది. కొందరికి పని చేస్తది, కొందరికి చెయ్యది. తంబాకుకు ముందుగాల నికోటిన్ గమ్ము, వారం వారం వచ్చి మాట్లాడుడు. వంద శాతం పోతదని ఎవలన్నా అంటే అక్కడినుంచి లేచి రావాలె. డాక్టర్ రాసిన పరీక్ష వద్దని ఎవలన్నా అంటే ఉరికి రావాలె. తొందర తొందరగ చెప్పింది, బయట ఇంకా పద్దెనిమిది మంది ఉన్నరు.

ఇంతకు ముందు ఎక్కడికి పోయినరని అడిగితే కాకతీయుల సంగతి మొత్తం చెప్పిన. నవ్వలే. రాసుకున్నది. తర్వాత, తంబాకు మీకు ఎవరు నేర్పిండ్రని అడిగింది. దోస్తులు అన్న.

"మీరు ఎవరికన్నా నేర్పిండ్రా?"

లేదు అన్న. చప్పున అన్న. అది గూడ రాసుకున్నది.

ఏప్రిల్ 4

లేదు అన్న.

ఏప్రిల్ 5, శనివారం

నేర్పిన.

నా పెండ్లయిన మరుసటేడు. డేవిడ్‌ను డిగ్రీల చేర్పిద్దామని ములుగు నుంచి జీపుల తీసుకొస్తున్నం. పంతొమ్మిదేండ్లు వానికి. జీపు ఎక్కితే కక్కుకునేటోడు. పదిమంది పట్టే జీపుల పద్దెనిమిది మంది ఉన్నం. రూతు ముంగట కూసున్నది, మేమిద్దరం ఎనుక. రెండుసార్లు ఆపిచ్చినం, డ్రైవర్ గులుగుతాండు. నేను అరచేతుల నలిపి, ఇది పెదవి కింద పెట్టుకోరా, కడుపు తిప్పది అన్న. నా చేతితోనే పెట్టిన. తలకాయ తిరిగి నా భుజం మీద ఒరిగిండు. జీపుల అందరు నవ్విండ్రు. అందరికంటె ఎక్కువ నేను నవ్విన. రూతు ఎనుకకు తిరిగి ఏమైందిరా అంటే, ఏం లేదక్కా అన్నడు.

తర్వాత ఎప్పుడొచ్చినా, "బావా, జర మందు పెట్టు" అని చెయ్యి జాపేటోడు. మా ఇద్దరికే తెలిసిన ముచ్చట అది. నాకు మంచిగనిపించేది.

ఆఖరికి దవాఖానల మాట పోయినంక గూడ నన్ను చూసి ఆ చెయ్యే జాపిండు. నవ్వులాటకు జాపిండో, నిజంగ అడిగిండో తెల్వలే. పట్టుకొని కూసున్న. బయటికొచ్చి మెట్ల కింద నేను పెట్టుకున్న.

డేవిడ్ ఎక్కడ నేర్చుకున్నడో ఏమో అని ఈ డైరీల రాసింది నేనే. ఐదేండ్ల నుంచి అందరికి అదే చెప్తున్న. రూతుకు గూడ.

ఏప్రిల్ 8, మంగళవారం

ముక్క తీసిండ్రు. సూది నొచ్చింది గానీ తర్వాత తెల్వలే. బియ్యపు గింజంత ఉన్నది, సీసాల ఏసిండ్రు.

పెదవిల దూది పెట్టుకొని ఇంటికి పోతే దాచే వీలు లేదు. రూతు పరీక్ష పేపర్లు దిద్దుతాంది. ఎదురుంగ కూసొని మొదటినుంచి చెప్పిన. మానలేదని. మచ్చ అని. డిపాజిట్ ఇరగ్గొట్టిన అని. కాకతీయుల కాడ నవ్వుతదనుకున్న, నవ్వలే. పేపర్లు దిద్దుకుంటనే వింటాంది, ఎర్ర పెన్ను నడుస్తాంది. జీపు కాడికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

అంతా విన్నది. పెన్నుకు మూత పెట్టింది.

"ఆ జీపుల నేను ముంగటనే ఉన్న" అన్నది.

పేపర్లు సదురుకొని లోపటికి పోయింది.

ఏప్రిల్ 9

మాట్లాడలే.

ఏప్రిల్ 10

మాట్లాడలే. నాలుగు.

ఏప్రిల్ 11

మాట్లాడలే. పెరుగన్నం మెత్తగ కలిపి టేబుల్ మీద పెట్టి పోయింది. మూడు.

ఏప్రిల్ 13, మ్రానికొమ్మల ఆదివారం

కొమ్మలు పట్టుకొని గుడి చుట్టు తిరిగినం. ఆమె ఆడోళ్ల వరుసల, నేను మొగోళ్ల వరుసల. ఇంటికి వచ్చేటప్పుడు గూడ రెండు వరుసలే.

పూజకు ముందు పాపసంకీర్తనం చెప్పుకున్న. ఇన్నేండ్లు కోపం, అబద్ధం, అసూయ అని పట్టిక లెక్క చదివేటోన్ని. ఇయ్యాల జీపు సంగతి చెప్పిన. ఫాదర్, మీ ఇంటామెకు చెప్పినవా అని అడిగిండు. చెప్పిన ఫాదర్, మాట్లాడుతలేదు అన్న. మాట్లాడే దాక ఆగు అన్నడు. ప్రాయశ్చిత్తానికి ప్రార్థనలు గూడ ఏం చెప్పలే.

ఒకటి.

ఏప్రిల్ 15, మంగళవారం

సుకన్య మేడం దగ్గరికి రెండోసారి. పోయినసారి లేదన్న కదా, నేర్పిన అని చెప్పిన. తలకాయ ఊపింది.

ఇయ్యాల హిప్నాసిస్ చేసింది, ఇరవై నిమిషాలు. కండ్లు మూసుకోమని, ఊపిరి చూసుకోమని చెప్పింది. నీలం లైటు లేదు, వాగు లేదు, బయట ఎవలో చీటీ నంబర్లు ఒర్లుతాండ్రు. మీ చెయ్యి జేబుల పోతాంది, ఉత్తగనే బయటికొస్తాంది, చూడండి అన్నది. చూసిన. నిద్ర పట్టలే, ఏ కోటకూ పోలే. ఇంట్ల మీ అంతట మీరే చేసుకోవాలె, రోజుకు రెండుసార్లు, అని నేర్పించింది. నాకు జర నారాజైంది. ఇంతేనా అన్న. ఇంతే అన్నది.

ఒకటి. గమ్ము నాలుగు.

ఏప్రిల్ 17, పెద్ద గురువారం

ఇయ్యాల రిపోర్టు. నేను చెప్పులేసుకుంటాంటే రూతు గూడ వేసుకుంటాంది. బడికి సెలవు పెట్టిందట. బస్సుల వేరే వేరే సీట్లల్ల కూసున్నం.

కేన్సర్ కాదు. కణాలల్ల మార్పు మొదలైందట, తక్కువ దర్జాదే. మచ్చ మొత్తం తీసేస్తరట. తంబాకు మళ్ల ముడితే మళ్ల వస్తదట, మూడు నెలలకొకసారి చూపెట్టుకోవాలెనట. డాక్టర్ నాకు చెప్పుతాంటే ప్రశ్నలన్నీ రూతు అడిగింది. ఎప్పుడు తీస్తరు, ఎంతసేపు పడ్తది, అది తీసినంక గూడ మారే వీలున్నదా. డేవిడ్ జబ్బప్పుడు ఆమె నేర్చుకున్న ప్రశ్నలు అవన్నీ.

బయట బెంచీ మీద కూసున్నది. రిపోర్టు మడతపెట్టి బ్యాగుల పెట్టుకున్నది. నాకు ఇయ్యలే. నన్ను ఎప్పుడూ మీరు అంటది, ఇరవై ఐదేండ్ల నుంచి.

"నీకు ఏం కావొద్దు" అన్నది. "నేను నిన్ను ఇంకా తిట్టనే లేదు."

సున్న.

ఏప్రిల్ 20, ఈస్టర్

తిట్టలే. కోడి కూర వండింది.

ఏప్రిల్ 22

సున్న. మూడోది వరుసగ. కాదు, నిన్న ఒకటి పెట్టిన. ఇక్కడ అబద్ధం రాస్తే ఎవల కోసం రాస్తున్ననో.

ఏప్రిల్ 24, గురువారం

మచ్చ తీసేసిండ్రు. నాలుగు కుట్లు. రెండు దినాలు మాట్లాడొద్దు, పెదవి కదిలియ్యొద్దు అన్నరు. ఈ మాట డాక్టర్ చెప్పుతాంటే రూతు రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నది.

ఆటో ఎక్కినం. దవాఖాన గేటు దాటంగనే మొదలుపెట్టింది.

కక్కుకునే పిలగానికి నిమ్మకాయ పెడ్తరు గానీ తంబాకు పెడ్తరా అన్నది. నవ్వినవ్ గదా, నాకు ఇనవడ్డది, ఆ నవ్వు నాకు ఇప్పటికి యాదికుంది, ఏమో మంచి ముచ్చట చెప్పుకుంటాండ్రనుకొని నేను గూడ నవ్విన అన్నది. సమాధి కాడ నేను నీ చెయ్యి పట్టుకున్నప్పుడు నీ జేబుల పొట్లం ఉండెనా లేదా చెప్పు అన్నది. ఉండె. తలకాయ ఊపిన. ఆటో నడిపే పెద్దమనిషి అద్దంల చూసి మళ్ల రోడ్డు దిక్కు చూసుకున్నడు.

వాడు ఆఖరి నెల మాట్లాడలేక పలక మీద రాసేటోడు, బావ వచ్చిండా అని రోజూ రాసేటోడు, నువ్వు వారానికి ఒకసారి వచ్చేటోనివి, పని ఉన్నదంటివి, నాకు ఇప్పుడు సమజైంది అన్నది. డిపాజిట్ గురించి ఒక్క మాటనే అన్నది. కాకతీయుల గురించి మాత్రం చానా అన్నది. ఐదు వందల మంది దొంగల పట్టిన అని చెప్పుకునేటోనివి, నీకు నీ సంతకం కింద ఏమున్నదో తెల్వదా అన్నది. ఐదు వందలు కాదు, రెండు వందలు. చెప్పే వీలు లేదు.

ఏడుస్తాంది, తిడ్తాంది, నడుమ నా పెదవిల నుంచి నెత్తురు కారితే కొంగుతోని అద్దుతాంది, మళ్ల తిడ్తాంది. నేను ఒక్క మాట పోకుంట విన్న.

కాశిబుగ్గ మూల మీదికి వచ్చినం. మా గల్లీ కనవడ్తాంది. ఇక్కడ ఆపాల్నా అమ్మా అని ఆటో ఆయన మెల్లగ అడిగిండు.

రూతు కండ్లు తుడుసుకున్నది.

"ఆపకు, అన్నా. ఇంకో చుట్టు తిప్పు."